అట్ట తలుపు

"ఇనాంగ్, కనీసం కాఫీ అయినా పుచ్చుకోండి" అంది నెనిత, అత్తగారి గది మూసిన తలుపు ముందు నిలబడి. ఆ ఇంట్లో ఇనాంగ్ అంటే అమ్మ, కోడలు కూడా అలాగే పిలుస్తుంది.

లోపలినుంచి జవాబు లేదు. పొద్దుటినుంచి ఇది నాలుగో కాఫీ. మొదటి మూడూ చల్లారిపోయాక, పారబోయడానికి మనసొప్పక నెనితే తాగేసింది. ఇప్పుడు గుండె దడదడలాడుతోంది. అది కాఫీ వల్లనో అత్తగారి వల్లనో తేల్చుకునే తీరిక ఆమెకు లేదు.

లోపల మనిషి క్షేమంగానే ఉందని కత్తెర చెబుతోంది. పలచని కాగితం మీద చిన్న కత్తెర నడుస్తున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఎనభై నాలుగేళ్ళ అపోలోనియా పొద్దున్న ఆరింటికి గడియ బిగించుకుని కూర్చుంది. సాయంత్రం ఏడింటికి పన్నెండు మంది భోజనానికి వస్తున్నారు.

నెనిత కాఫీ కప్పుతో భోజనాల గదిలోకి వచ్చి బల్ల వైపు చూసింది. నిన్న సాయంత్రం ఈ బల్ల మీద గాజు గ్లాసుల నిండా పబలాత్‌లు ఉండేవి. గేదెపాల కోవా బిళ్ళలకు చుట్టే రంగు కాగితాలవి. ఒక్కోదానికి మూరెడు తోక, ఆ తోకంతా కత్తెరతో తీర్చిన బొమ్మలు: పడవలు, కొబ్బరిచెట్లు, తాటాకు గుడిసెలు. అత్తగారు మూడు వారాలు కూర్చుని కోసిన ఎనభై తోకలు. ఇవాళ గ్లాసులు ఖాళీ. చెత్తబుట్ట నిండా రంగురంగుల పీలికలు.

చించలేదావిడ. కత్తిరించింది. కోపంలో కూడా చేతిపని మర్యాద వదలని మనిషి.

తప్పు ఎవరిదో నెనితకు తెలుసు. ఆ తప్పు ఈ గది గుమ్మంలోనే నిలబడి ఉంది. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను విప్పి, గోధుమరంగు వేసి, టేకు చారలు దిద్ది, రేకు ముక్కలతో బందులు పెట్టి, చీపురుకర్రతో గడియ బిగించిన నిలువెత్తు అట్ట తలుపు. నాలుగు రోజులు పట్టింది దాన్ని చెయ్యడానికి. అతిథులంతా ఆ గడియ తీసుకుని లోపలికి రావాలని ఆమె సరదా.

శాన్ మిగెల్ ఊళ్ళో పుస్తకాలు చదివే ఆడవాళ్ళు పన్నెండుమంది కలిసి నడుపుకునే మండలి వాళ్ళది. నెలకో పుస్తకం, నెలకో ఇల్లు. ఆ పుస్తకంలో వాళ్ళు ఏం తింటే అదే భోజనం. బల్ల మీద అలంకారమంతా ఇంట్లో చేసిందై ఉండాలి, కొన్నదేదీ కనిపించకూడదు. ఈ నియమం పెట్టింది సోలెదాద్. సముద్రం కథకని సార్డీను డబ్బాలతో దీపస్తంభం కట్టి తన ఇంటి పరదాలు తగలబెట్టుకున్నదీ ఆవిడే. అప్పటినుంచి కొవ్వొత్తులు మాత్రం వద్దనుకున్నారు.

నెనిత వంతు ఏడాదికి వచ్చింది. వచ్చిన వంతుకు పడ్డ పుస్తకం సొంత ఆడపడుచు రాసిన నవల. పైగా ఆ ఆడపడుచు మనీలానుంచి స్వయంగా వచ్చి ఒక అధ్యాయం చదువుతానంది. ఊరంతా ఆ పుస్తకం గురించే మాట్లాడుకుంటున్నారు. ఎవరి గురించి రాసిందో ఊరందరికీ తెలుసు, రాయించుకున్న మనిషికి తప్ప.

అపోలోనియా కళ్ళు మసకబారి ఆరేళ్ళయింది. కాగితం మీద బొమ్మ కొయ్యడానికి ఆవిడకు వేళ్ళు చాలు గాని అక్షరాలు చదవాలంటే కళ్ళు కావాలి. అందుకని మధ్యాహ్నాలు ఆవిడ కోస్తూ ఉంటే నెనిత పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించింది. పద్నాలుగో అధ్యాయం వచ్చేసరికి పద్దెనిమిది పేజీలు ఒక్కసారే తిప్పేసింది. తాను చేసింది మంచిపనే అనుకుంది. అత్తగారు పసిగట్టలేదనీ అనుకుంది.

నిన్న సాయంత్రం సోలెదాద్ సాయానికొచ్చింది. అపోలోనియా గోడ పట్టుకుని వస్తూ అట్ట తలుపు మీద చెయ్యి వేసి, ఇదేంటని అడిగింది. సోలెదాద్ ఏ పాపమూ ఎరగని మొహంతో, పుస్తకంలో తలుపండీ, మీరు ఆ రాత్రి తియ్యలేదే, ఆ తలుపు అని చెప్పింది.

ఆవిడ రేకు బందులు తడిమింది. గడియ తడిమింది. మంచి పనితనం అని మెచ్చుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ నోట ఒక్క మాట లేదు.

*

అన్సెల్మో ప్రార్థనా మందిరంనుంచి అడిగి తెచ్చిన కుర్చీలు దింపుతున్నాడు. పశువుల డాక్టరు. పొద్దున్నే ఒక గేదెకు పురుడు పోసి వచ్చాడు, మోచేతుల దాకా సబ్బు వాసన వేస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి తల్లి గది వైపు ఒకసారి చూసి, కుర్చీల కాళ్ళు సరిచెయ్యడంలో పడ్డాడు.

మీ అమ్మ తలుపు తియ్యట్లేదని నెనిత చెప్పింది. విన్నాడు. మీ అక్క ఇంకో రెండు గంటల్లో వస్తుందని చెప్పింది. అదీ విన్నాడు. విందు మానేద్దామా అని అడిగితే నీ ఇష్టం అన్నాడు. చేద్దామా అని అడిగితే అప్పుడూ నీ ఇష్టమే అన్నాడు.

"నీ గురించి కూడా రాసింది కదా ఆ పుస్తకంలో, కడుపులో ఉన్న బిడ్డ అని. నీకేం అనిపించదా?" అంది నెనిత.

"కుర్చీ ఒకటి కుంటుతోంది. అట్టముక్క ఏదైనా ఉందా?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస నీది. పెళ్ళికి ముందు కబియావో చర్చికి కాగితాల కోసం వెళ్ళినప్పుడూ అంతే. నన్ను బేకరీలో కూర్చోబెట్టి ఒక్కడివే వెళ్ళావు. తిరిగొచ్చి వారం రోజులు నోరు మెదపలేదు. పెళ్ళి ఇష్టం లేదేమో అనుకుని నేను మా అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చాను."

అన్సెల్మో కుర్చీ కింద అట్టముక్క దోపి, కూర్చుని చూశాడు. కుంటడం లేదు. "ఆ బేకరీలో రొట్టె బావుండేది" అన్నాడు.

అతని మంచితనం మీద నెనితకు అనుమానం లేదు. ఆ మంచితనాన్ని పట్టుకుని గోడకేసి కొట్టాలనిపించే రోజులు మాత్రం కొన్ని ఉంటాయి.

*

డెల్ఫీనా బస్సు దిగి పన్నెండున్నరకు వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళావిడ, పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో కళ్ళజోడు. గుమ్మంలో అట్ట తలుపు చూసి బ్యాగు కింద పెట్టేసింది.

"అచ్చం ఇలాగే ఉండేది" అంది.

నెనిత వంటింట్లోకి తీసుకెళ్ళి జరిగింది చెప్పింది. డెల్ఫీనా వింటూ, పొయ్యి మీది అల్లం గంజి మూత తీసి వాసన చూసింది. పక్కన వేయించడానికి ఎండుచేపలు, ఉడకబెట్టిన గుడ్లు, చిన్న కత్తిపీట మీద సగం తరిగిన ఉల్లికాడలు. వరద రోజుల తిండి. పుస్తకంలో ఉన్నట్టే.

"అయితే ఆ అధ్యాయం అమ్మకి నువ్వు చదివి వినిపించలేదు."

"ఎలా చదవను, ఆతే? ఆవిడ పక్కన కూర్చుని, మీరిలాంటి మనిషి అని ఎలా చదవను?" అంది నెనిత. మొగుడి అక్కని ఆమె కూడా ఆతే అని, అంటే అక్కా అనే పిలుస్తుంది.

"నేను రాయగా లేంది నువ్వు చదవడానికేం?"

నెనిత కత్తిపీట ముందు కూర్చుని ఉల్లికాడలు తరగసాగింది. డెల్ఫీనా కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

ఊళ్ళో అందరూ తనని తల్లిని బజారుకీడ్చిన కూతురంటున్నారని ఆమెకూ తెలుసు. బస్సులో పక్కసీటావిడ కూడా అదే అడిగిందట. అంటే అననీ. ఆ రాత్రి అక్కడ ఉన్నది వాళ్ళు కాదు, తను.

"నాకు ఆరేళ్ళు" అంది డెల్ఫీనా. "వానకి ఊరంతా మునుగుతోంది. నాన్న ఇల్లు వదిలి వెళ్ళి ఎనిమిది నెలలు. అమ్మ కడుపుతో ఉండి ఉంటుంది, నాకు ఆ వయసులో ఏం తెలుస్తుంది. నాన్న వచ్చి తలుపు కొట్టాడు. అపోలోనియా అని పిలిచాడు, తర్వాత నా పేరు పెట్టి పిలిచాడు. అమ్మ దీపం ముందు కూర్చుని కాగితం కోస్తోంది. తల ఎత్తలేదు. నేను మెట్ల మీద ఉన్నాను. గడియ నాకు అందదు, పీట వేసుకుంటే అందేది. పీట పక్కనే ఉంది. యాభై ఏళ్ళ పైబడి ఆ పీట గురించే ఆలోచిస్తున్నాను, నెనితా. ఆయన మళ్ళీ రాలేదు. ఎక్కడ పోయాడో కూడా తెలీదు."

నెనితకు ఆడపడుచు మీద ఉన్న కోపం సగం ఎటో పోయింది. మిగిలిన సగాన్ని పట్టుకుని ఏం చెయ్యాలో తెలియలేదు.

"అమ్మని ఒక్కసారైనా అడిగారా?"

"పదహారేళ్ళప్పుడు అడిగాను. ముప్ఫై ఏళ్ళప్పుడు అడిగాను. రెండుసార్లూ అన్నం తిన్నావా అంది."

డెల్ఫీనా వెళ్ళి తల్లి గది ముందు నిలబడింది. వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది. లోపల కత్తెర ఆగింది. వంటింట్లో కత్తిపీట మీద నెనిత చెయ్యి కూడా ఆగింది. తర్వాత కత్తెర మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

డెల్ఫీనా వెనక్కి తిరిగి వచ్చింది. "చూశావుగా. నేను అబద్ధం రాయలేదు" అంది. ఆ మాట నవ్వుతూ అనాలనుకుంది గాని నవ్వు కుదరలేదు.

*

నాలుగున్నరకు గడియ తీసిన చప్పుడైంది. నెనితని ఒక్కదాన్నే రమ్మంది అపోలోనియా.

గది నిండా ఎర్ర, పసుపు, ఆకుపచ్చ కాగితపు తుంపులు. మంచం మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద వరసగా పబలాత్‌లు పేర్చి ఉన్నాయి. పన్నెండు. అన్నీ పువ్వులూ తీగలే.

"నిన్నటివి పాడుచేశాను. మాట పోకూడదు కదా, ఇవి పెట్టుకో" అంది ఆవిడ. "దొంతరకి ఆరేసి కాగితాలు కలిపి కోశాను. రెండు దొంతరలు, పన్నెండు లెక్కకి సరిపోతాయి."

నెనిత క్షమించమని అడగబోయింది. అపోలోనియా చెయ్యి ఊపి ఆపేసింది. పేజీలు ఎక్కువ తిప్పినప్పుడు వచ్చే గాలి వేరుగా ఉంటుందని చెప్పింది. ఆ రోజే తెలుసట. కోడలు దాచిందంటే దాచాల్సిందే అయి ఉంటుందని ఊరుకుందట.

"ఆ అధ్యాయం అంతా రాత్రి పొద్దుపోయేదాకా మనసులో నేనే రాసుకున్నా" అంది. "దానికి ఆరేళ్ళు. అది ఏం చూసి ఉంటుందో నాకు తెలీదూ?"

తర్వాత దిండు కిందనుంచి మడతపెట్టిన ఎర్ర కాగితం ఒకటి తీసింది.

"ఇది పెద్దదాని పళ్ళెం దగ్గర పెట్టు. మడత విప్పకుండా."

నెనిత దాన్ని అరచేతిలోకి తీసుకుంది. దూదికన్నా తేలికగా ఉంది. అప్పుడు అర్థమైంది, అది ఒంటి కాగితమని. ఈ పనిలో ఒంటి కాగితాన్ని ఎవరూ కొయ్యరు. కత్తెర కిందనుంచి జారిపోతుంది, ఊపిరి తగిలినా చిరుగుతుంది. ఆరేసి కలిపి కుట్టి కోస్తేనే గీత నిలుస్తుంది. పొద్దుటినుంచి ఆగి ఆగి వినిపించిన చప్పుడు చాలావరకు ఈ ఒక్కదానిదే.

విప్పవద్దన్నా విప్పింది. ఆ మాత్రం తెగువ లేకపోతే ఇన్నేళ్ళు ఈ ఇంట్లో నెగ్గుకొచ్చేది కాదు.

కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పైన వానచారలు. కింద ఇల్లు. ఇంటికి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం బయట మగమనిషి, తల వంచుకుని. గుమ్మం లోపల ఆడమనిషి, రెండు చేతులూ చాపి. ఇద్దరి మధ్యా ఒక మూట. మూటలోనుంచి చిన్న చెయ్యి ఒకటి బయటికొచ్చి ఉంది, ఐదు వేళ్ళూ విడివిడిగా. పక్కన మెట్ల మీద ఒక పిల్ల కమ్మీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆ పిల్ల మీద దుప్పటి కప్పి ఉంది.

నెనిత మొదట ఇది ముసలావిడ కోరిక అనుకుంది. అలా చేసి ఉంటే బావుండేదని కోసుకున్న బొమ్మ అనుకుంది. కాని ఆ ఐదు వేళ్ళ దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి.

వరదకు ఆ ఏడు ఊరు ఊరంతా చెదిరిపోయిందని ఆమె ఎన్నోసార్లు విన్నది. డెల్ఫీనాని మర్నాడే గపాన్‌లో పిన్ని ఇంటికి పంపేశారు. అపోలోనియా చుట్టాల దగ్గర మూడు నెలలుండి ఇల్లు చేరింది. చంకలో పిల్లాడున్నాడు. నీళ్ళు తీశాక తిరిగొచ్చిన ఆడవాళ్ళలో చంకన పిల్లలున్నవాళ్ళు చాలామందే. ఎవరు ఎవర్ని కన్నారని అడిగే తీరిక ఎవరికీ లేదు.

"ఇనాంగ్, ఈ మూటలో ఏముంది?"

"నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా."

"చెప్పండి."

"చెప్పనని ఒట్టేశాను. గుమ్మంలో, ఆయన ముందు, సిలువ ముట్టుకుని. ఈ సంగతి నా నోట రానివ్వనని." అపోలోనియా కత్తెరకు కాగితపు నుసి తుడుస్తోంది. "చేత్తో కొయ్యనని వెయ్యలేదు."

నెనిత మంచం అంచున కూర్చుండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా తన పక్కన పడుకుంటున్న మనిషి ఈ ముసలావిడ కడుపున పుట్టలేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఈ కాగితం వెళ్ళేది పుస్తకాలు రాసే మనిషి చేతికి. రేపో మాపో అది అచ్చులోకెక్కకుండా ఎవరు ఆపుతారు? ఈ రాత్రే పన్నెండు మంది ముందు చదివేస్తే?

"మీ అబ్బాయి చూస్తే?" అంది.

"వాడికి పశువుల మీద తప్ప ధ్యాస ఉండదు. కాగితాలు ఎప్పుడు చూశాడు కనుక?"

"ఇన్నేళ్ళు ఊరుకున్నారు. ఇంకా కొన్నాళ్ళు ఊరుకోలేరా?"

అపోలోనియా కత్తెర ఒడిలో పెట్టుకుంది.

"అది నన్ను ఏమన్నా పడతాను" అంది. "కాని ఆ పిల్ల ముసలిదైపోతోంది, నెనితా. ఇంకా ఆ మెట్ల మీదే కూర్చుని ఉంది. నేను పోయాక దాన్ని ఎవరు లేపి పడుకోబెడతారు?" ఎర్ర కాగితం వైపు చెయ్యి చూపి, "పెడతావో మానతావో నీ ఇష్టం. ఇల్లు నీది, బల్ల నీది" అంది.

నెనిత కాగితాన్ని మళ్ళీ మడిచింది. భోజనాల గదిలోకి వెళ్ళి పన్నెండు పువ్వుల తోకలూ గాజు గ్లాసుల్లో నిలబెట్టింది. ఎర్ర కాగితాన్ని మాత్రం నడవలో బీరువా సొరుగులో, గరిటెల కింద పెట్టి మూసేసింది. తాను చేసింది పిరికిపనో మంచిపనో ఆలోచించుకోలేదు. మొగుడికి దెబ్బ తగలకూడదు, అంతవరకే ఆమెకు తెలుసు.

*

అతిథులు ఏడింటికల్లా వచ్చేశారు. అట్ట తలుపు గడియ ఒక్కొక్కరే తీసి, లోపలికి వచ్చి, మళ్ళీ వేసి, నెనితను తెగ మెచ్చుకున్నారు. పాత పేపర్లతో చేసిన పడవలు బల్ల పొడుగునా వరదలో కొట్టుకుపోతున్నట్టు పెట్టింది. అవీ నచ్చాయి. సోలెదాద్ అన్నిటినీ గోటితో గీకి, కొన్నది ఏదీ లేదని రూఢి చేసుకుని కూర్చుంది.

గంజి వడ్డిస్తూ ఉండగా అట్ట తలుపు అవతల అడుగుల చప్పుడైంది. అందరూ అటు చూశారు.

గడియ మెల్లగా కదిలింది. అపోలోనియా దాన్ని చేతులతో వెతుక్కుని తీసింది. ఉతికి గంజిపెట్టిన తెల్ల చొక్కా, నల్ల పావడా, నున్నగా దువ్వి ముడిచిన జుట్టు. తలుపు పూర్తిగా తోసి గోడకు ఆనించింది. తన వెనక మళ్ళీ వెయ్యలేదు. ఎవరూ చెయ్యి అందించకముందే కుర్చీల వీపులు పట్టుకుంటూ వచ్చి, బల్ల చివర, కూతురికి ఎదురుగా కూర్చుంది.

"చదువుతావటగా. విందామని వచ్చా" అంది.

డెల్ఫీనా మొహంలో రంగు మారింది. కాని వెనక్కి తగ్గే మనిషి కాదు, ఆ తల్లికి పుట్టిందే. కళ్ళజోడు పెట్టుకుని పద్నాలుగో అధ్యాయం తెరిచింది.

నెనిత ఎండుచేపల కోసం వంటింట్లోకి తప్పుకుంది. వినడం ఆమె వల్ల కాలేదు. నడవలో బీరువా దగ్గర అన్సెల్మో నిలబడి ఉన్నాడు. గంజి గరిటె కోసం సొరుగు తీసినట్టున్నాడు. సొరుగు తెరిచే ఉంది. ఎర్ర కాగితం అతని చేతిలో ఉంది, మడత విప్పి.

ఇద్దరి మధ్యా పెద్దగా చోటు లేదు. అవతలినుంచి డెల్ఫీనా గొంతు వినిపిస్తోంది. గేదెల డాక్టరు వేళ్ళు ఎంత మొరటువైనా కాగితం చిరగకుండా పట్టుకున్నాయి.

"అమ్మ ఒంటి కాగితం కోసింది" అన్నాడతను.

నెనిత కాగితం వైపు చెయ్యి చాపే లోపలే అతను మళ్ళీ అన్నాడు.

"కబియావో చర్చిలో బాప్తిస్మం కాగితం ఇచ్చారు. తల్లి పేరు దగ్గర ఇంకెవరి పేరో ఉంది. చర్చివాళ్ళు పొరపాటు చేశారేమోనని రెండుసార్లు అడిగాను. పొరపాటు కాదన్నారు. ఆవిడ నన్ను కన్న మూడో రోజే పోయిందని చర్చి పుస్తకంలో రాసి ఉంది. ఆ రోజు ఇంటికొచ్చేసరికి అమ్మ నాకోసం అన్నం మూతపెట్టి ఉంచింది. తిన్నాను. ఇంకేం అడగను?"

"నాకు చెప్పలేదు."

"అమ్మ దాచుకున్నది. నాది కాదు కదా చెప్పడానికి."

నెనితకు ఆ క్షణాన అతన్ని గోడకేసి కొట్టాలనిపించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట బేకరీలో కూర్చుని తను విసుక్కున్న ఆ గంట గుర్తొచ్చి సిగ్గేసింది. అతని సబ్బు వాసన చేతిని ఒకసారి పట్టుకుని వదిలేసింది.

అన్సెల్మో కాగితాన్ని అరచేతి మీద పరుచుకుని భోజనాల గదిలోకి నడిచాడు. నెనిత వెనకే వెళ్ళింది, చేపలు మర్చిపోయి.

డెల్ఫీనా చదువుతోంది. "తెల్లవార్లూ మెట్ల మీదే కూర్చున్నాను. రెప్ప వెయ్యలేదు. ఆ తలుపు తెరుచుకోలేదు."

అన్సెల్మో ఎర్ర కాగితాన్ని తెచ్చి అక్క ముందు, తెరిచిన పుస్తకం మీద, అక్షరాలు కప్పేలా పరిచాడు. తర్వాత తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

డెల్ఫీనా కళ్ళజోడు సవరించుకుంది. బొమ్మ మీద వేలు పెట్టి, ఇంటి దగ్గరనుంచి మెట్ల దాకా మెల్లగా జరిపింది. కమ్మీకి తల ఆనించి నిద్రపోతున్న పిల్ల దగ్గర వేలు ఆగింది. పిల్ల మీద కప్పిన దుప్పటి దగ్గర ఇంకాసేపు ఆగింది. పుస్తకంలో ఎక్కడా ఆ దుప్పటి లేదు.

"నేను నిద్రపోయానా?" అంది, ఎవరినీ ఉద్దేశించకుండా.

సోలెదాద్ కూడా చెంచా కింద పెట్టేసింది.

వేలు వెనక్కి, గుమ్మం దగ్గరికి వచ్చింది. చిన్న చేతి మీద, ఐదు వేళ్ళ మీద నిలిచింది.

"ఈ మూటేంటి, ఇనాంగ్?"

అపోలోనియా పెదవులు బిగించుకుంది. ఒట్టు ఒట్టే.

"నేనే, ఆతే" అన్నాడు అన్సెల్మో.

అపోలోనియా తల గిరుక్కున కొడుకు గొంతు వచ్చిన వైపు తిరిగింది. చేతిలో చెంచా గంజిలోకి జారిపోయింది. మసకబారిన ఆ కళ్ళు అతని మొహం కోసం వెతికాయి, కాగితం మీద బొమ్మని వెతికే వేళ్ళలాగే.

"నీకు ఎవరు చెప్పార్రా?" అంది.